ఇరవై అయిదు కిలోల వివరణ

ఆ మంగళవారం దశరథం సారు చేయవలసిన పని ఒక్కటే. పొద్దున తొమ్మిదింటికి ట్రాలీ ఆటోలో ఇరవై అయిదు కిలోల బస్తా ఒకటి వస్తుంది. దాన్ని దింపించుకుని, కింది పోర్షన్‌లో గోడకు ఆనించి, తాళం వేసుకుని పైకి రావాలి. ఆ పోర్షన్‌లో కిరాయికి ఉంటున్న మసర్రత్ పహాడీ షరీఫ్‌లో ఉన్న తల్లిని దవాఖానకు తీసుకుపోతూ, మధ్యాహ్నానికల్లా వచ్చేస్తానని చెప్పి తాళంచెవి ఆయన చేతిలో పెట్టి వెళ్లింది. మసర్రత్, ఆ పొద్దున ఆమెకు తోడు వెళ్లిన ఆడబిడ్డ ఆఫియా కలిసి కొవ్వొత్తులు పోస్తారు. ఇన్నాళ్లూ చుట్టుపక్కల ఫంక్షన్‌హాళ్లకు ఇచ్చేవారు. ఇప్పుడు మొదటిసారి ఎయిర్‌పోర్టు దారిలోని ఒక పెద్ద హోటలు మూడువందలు అడిగింది. సాయంత్రం ఆరింటికల్లా అవి లాన్‌లో బల్లల మీద ఉండాలి. నూట ఎనభై తయారయ్యాయి. మిగతా నూట ఇరవైకి మైనంలో కలిపే సరుకు ఆ బస్తాలో వస్తోంది.

పని చిన్నదే కాని, చేసేది తన భర్త గనుక దుర్గవ్వకు కొంచెం బెంగగా ఉంది. దశరథం ముప్పై నాలుగేళ్లు సర్కారు బడుల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాడు. రిటైరయ్యాక బడి ఆగింది గాని పాఠం ఆగలేదు. మామిడిపల్లి దిక్కు కొత్తగా లేచిన ఆ కాలనీలో ఎవరు ఏది అడిగినా మొదటి నుంచీ చెప్పడం ఆయనకు అలవాటు. ఆకుకూరలమ్మే ఆమెకు ఒకసారి ఆకు పచ్చగా ఎందుకుంటుందో చెప్పాడు. ఆమె ఇప్పుడు వెనక వీధి నుంచి పోతోంది.

“బస్తా లోపట పెట్టున్రి, పైకి రాన్రి,” అంది దుర్గవ్వ. “ఎవ్వలకు ఏం చెప్పకున్రి.”

తను ఎవరికేం చెప్తానని దశరథం నొచ్చుకుంటూ కిందికి దిగాడు.

బస్తా అన్న టైముకే వచ్చింది. తెల్లటి సంచి మీద అరచేయంత ఇంగ్లీషు అక్షరాల్లో ‘స్టియరిక్ యాసిడ్’ అని రాసి ఉంది. ఎదురుగా కిరాణా దుకాణం శంకరయ్యది. ఆయన మొదటి మాట చదవలేకపోయాడు. రెండో మాట బాత్రూములు కడిగే సీసాల మీద రోజూ చూసేదే కాబట్టి ఇట్టే చదివాడు. ఇప్పుడు యాసిడ్ బస్తాల్లో కూడా వస్తున్నదా సారూ అని దుకాణంలోంచే అడిగాడు.

కాదని ఒక్క మాట అనేస్తే అయిపోయేది. కాని కాదంటే అబద్ధం అవుతుంది. అవునంటే సగం నిజం అవుతుంది. సగం నిజాన్ని నడివీధిలో వదిలి వెళ్లడం దశరథానికి చేతకాదు. బస్తాను లోపల గోడకు ఆనించి, తాళం సంగతి మరిచిపోయి, రోడ్డు దాటి దుకాణం ముందుకు వచ్చాడు.

“యాసిడే శంకరయ్యా. కాని నువ్వనుకునే యాసిడ్ గాదు. గిది సంతృప్త కొవ్వు ఆమ్లం.”

తర్వాత పావుగంట సేపు సంతృప్తం అంటే ఏమిటో చెప్పాడు. పద్దెనిమిది కార్బన్లు ఒక వరుసలో నిలబడి ఉంటాయి. ఒక్క చెయ్యి కూడా ఖాళీగా ఉండదు. చివరివాడిని మినహాయిస్తే, పక్కవాడిని పట్టుకోగా మిగిలిన ప్రతి చేతికీ ఒక హైడ్రోజన్ ఉంటుంది. ఇంకేమీ అక్కర్లేని స్థితి గనుక సంతృప్తి. శంకరయ్యకు మాత్రం ఎవరో పద్దెనిమిది మంది చేతులు పట్టుకుని ఎక్కడో నిలబడ్డారన్నంత వరకు అర్థమైంది. ఆ మొహం చూసి దశరథం, పాఠాన్ని పిల్లవాడి జీవితానికి ముడిపెట్టాలన్న పాత సూత్రం గుర్తొచ్చి, దీనికి భయపడవలసిన పనే లేదని, నీ దుకాణంలో సబ్బులన్నిట్లో ఉన్నది ఇదేనని ముగించాడు.

ఆ సమయంలో దుకాణం ముందు ఇద్దరు ఉన్నారు. ఒకామె చేతిలోని సబ్బును మెల్లగా గల్లాపెట్టె మీద పెట్టేసి, ఉప్పు ప్యాకెట్టు ఒక్కటే తీసుకుపోయింది. రెండో మనిషి కాలనీ సంఘం కార్యదర్శి నరేందర్. అతనికి కాలనీ క్షేమం మీద చాలా శ్రద్ధ. ఇంటికి పోతూ నడకలోనే కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు: శంకరయ్య దుకాణం సబ్బుల్లో యాసిడ్ ఉన్నట్టు దశరథం సారు చెప్పారు, అందరూ గమనించగలరు.

పది గంటలకల్లా నలుగురు సబ్బులు వాపసు తెచ్చారు. అందులో ఒకటి సగం అరిగిపోయి ఉంది. శంకరయ్య దుకాణం వదిలేసి వచ్చి దశరథం గేటు దగ్గర నిలబడ్డాడు. గొంతు పెంచలేదు.

“కాలనీ లేచిన సంది మీ ఇంటికి సామాను ఇస్తున్న సార్. మీరు గిట్లంటరనుకోలే.”

దశరథానికి చాలా బాధ కలిగింది. తన మాట వల్ల ఒక నిర్దోషికి మచ్చ వచ్చింది, దాన్ని తనే తుడవాలి. లోపలికి పోయి కళ్లద్దాలు పెట్టుకుని, ఒక్క వేలితో ఇరవై నిమిషాలు కష్టపడి గ్రూపులో రాశాడు. శంకరయ్య సబ్బుల్లోనే కాదు, లోకంలోని సబ్బులన్నిట్లో ఇది ఏదో ఒక రూపంలో ఉంటుంది. గడ్డం గీసుకునే నురగలో ఉంటుంది. మొహానికి రాసుకునే క్రీముల్లో ఉంటుంది. మాత్రలు మిషనుకు అంటుకోకుండా దీని నుంచే చేసిన పొడి కలుపుతారు కనుక మనం రోజూ మింగే మాత్రల్లో కూడా ఉంటుంది. కావున శంకరయ్య నిర్దోషి.

చివరి వాక్యం దాకా చదివినవాళ్లు చాలా తక్కువ. చదివినంత మట్టుకు మాత్రం అందరూ నమ్మారు. ఇంకెవరైనా రాసి ఉంటే వదంతి అనుకునేవారు. ముప్పై నాలుగేళ్లు సైన్సు చెప్పిన మనిషి రాశాడు.

నరేందర్ ఆ సమయంలో అద్దం ముందు ఉన్నాడు. కుడి చెంప అయింది, ఎడమ చెంప మీద నురగ ఉంది. ఫోను చూసి నురగ తుడిచేసి, అట్లాగే చొక్కా వేసుకుని బయటికి వచ్చాడు. ఆ రోజంతా అతన్ని కుడివైపు నుంచి చూసినవాళ్లకు ఒక మనిషిగా, ఎడమవైపు నుంచి చూసినవాళ్లకు ఇంకో మనిషిగా కనపడ్డాడు. రెండో వీధిలో బ్యూటీపార్లర్ నడిపే శోభ, చేస్తున్న పని సగంలో వదిలి దశరథం ఇంటికి పరుగెత్తుకొచ్చింది. “ఒకామెకు సగం మొఖానికి క్రీం పెట్టిన సార్. మిగతా సగం వద్దంటున్నది. పెట్టింది కడుగుదమంటే సబ్బు వద్దంటున్నది. ఇగ నేనేం చెయ్యాలె?” అని అడిగింది. దశరథం శనగపిండి అన్నాడు. ఆ రోజు ఆయన ఎవరికైనా ఒక్క మాటలో ఇచ్చిన జవాబు అదొక్కటే.

శోభ వెళ్లాక మంచినీళ్ల కోసం వంటింట్లోకి పోయిన దశరథానికి, దుర్గవ్వ తన బీపీ మాత్రను తిరిగి డబ్బాలో వేస్తూ కనపడింది. అదేమిటని అడిగాడు.

“మీరే రాసిన్రు గద,” అంది దుర్గవ్వ.

అప్పుడు దశరథం నిజంగా భయపడ్డాడు. కాలనీలో బీపీకీ, షుగరుకూ మాత్రలు వేసుకునేవాళ్లు వంద మందికి తక్కువ ఉండరు. వాళ్లందరూ ఈపాటికి మాత్రలు డబ్బాల్లో పడేసి ఉంటారు. రాతలో స్వరం ఉండదు, అందుకే అపార్థం వస్తోందని ఆయన తీర్మానించాడు. తన గొంతుతోనే చెప్పాలి. దాబా మీదికెక్కి, ఫోను నోటి దగ్గర పెట్టుకుని, నలభై మంది పిల్లలకు వినపడే పద్ధతిలో మాట్లాడాడు. ఈ పదార్థం నెయ్యిలో ఉంటుంది, మాంసంలో ఉంటుంది, మన ఒంట్లో ఉంటుంది. రబ్బరు సరిగ్గా తయారు కావాలంటే ఇది కావాలి. బండి టైర్లలో ఉంటుంది, ఇప్పుడు మన నెత్తి మీద దిగుతున్న విమానం టైర్లలో కూడా ఉంటుంది. దీనితో ప్రమాదం ఎంతమాత్రం లేదు, మాత్రలు మానకండి, ఇది అందరికీ చెప్పండి.

అంతా ఒప్పుగానే చెప్పాడు. ఆ విమానం మాత్రం నిజంగానే నెత్తి మీద దిగుతోంది. ఆ కాలనీవాళ్లకు విమానం మోత ఒక లెక్కలోది కాదు. వచ్చినప్పుడు మాట ఆపి, పోయాక మళ్లీ మొదలుపెడతారు. పాఠం ఊపులో ఉన్న దశరథం ఆపడం మరిచిపోయాడు. గ్రూపులో వినపడింది ఇది: “విమానం టైర్లల్ల గూడ ఉంటది. దీనితోని ప్రమాదం—” ఆ తర్వాత పదిహేను సెకన్ల ఘోష. చివర స్పష్టంగా, “గందుకే అందరికి చెప్పున్రి.”

అందరూ అందరికీ చెప్పారు. ఆ మెసేజ్ పదకొండున్నరకు మంఖాల్ చేరింది, పన్నెండు కాకముందే శంషాబాద్ దాటింది. దారిలో ఎవరో పైన ఎర్ర అక్షరాల్లో ‘విమానం టైర్లలో యాసిడ్: సైన్స్ టీచర్ హెచ్చరిక’ అని తగిలించారు. శంషాబాద్‌లో ఉండే దుర్గవ్వ తమ్ముడు దాన్ని దశరథానికే పంపి, మీ దిక్కు ఎవరో సారు చెప్తున్నాడు బావా, జర జాగ్రత్త అని రాశాడు.

ఇదంతా చదువుకుంటూ ఆయన దాబా మీదే ఉండిపోయాడు. ఈ లోపల కింద నరేందర్ నాయకత్వంలో అయిదుగురు వచ్చారు. మనుషులుండే ఇంట్లో ఇరవై అయిదు కిలోల యాసిడ్ ఉండరాదని వాళ్లు అప్పటికే తీర్మానం చేసుకున్నారు. తలుపుకు తాళం లేదు. చేతులకు ప్లాస్టిక్ సంచులు చుట్టుకుని, బస్తాను పసిబిడ్డను మోసినట్టు మోసుకుపోయి పక్కనున్న ఖాళీ ప్లాటులో నీలం డ్రమ్ములోకి కుమ్మరించారు. యాసిడ్‌కు విరుగుడు నీళ్లేనని నరేందర్‌కు బాగా గుర్తు. నీళ్ల ట్యాంకరు వచ్చే రోజు కాకపోయినా తలా ఒక బకెట్ తెచ్చి పోశారు.

తెల్లటి రేకుల్లాంటి ఆ సరుకు కరగలేదు. నీళ్లతోపాటు పైకి తేలింది. ఇంకో అయిదు బకెట్లు పోస్తే ఇంకా పైకి వచ్చి డ్రమ్ము అంచు మీదుగా వాళ్లను చూసింది.

“నీళ్లకు గూడ లొంగుతలేదు,” అన్నాడు నరేందర్, ఒక అడుగు వెనక్కి వేస్తూ.

పోలీసు జీపు వచ్చింది అప్పుడే. అందులోంచి దిగిన ఎస్సై మహేష్ తొమ్మిదో తరగతిలో దశరథం విద్యార్థి. దాబా దిగి పరుగున వచ్చిన సారును చూడగానే టోపీ సర్దుకుని నమస్కారం పెట్టాడు. విమానాల సంగతి కాబట్టి పైనుంచి ఫోను వచ్చిందనీ, ఒకసారి చూసి రిపోర్టు రాయమన్నారనీ చెప్పాడు. దశరథానికి ప్రాణం లేచొచ్చింది. పొద్దుటి నుంచి ఆయనకు కావలసింది ఓపిగ్గా వినే ఒక్క మనిషి. జీపు బానెట్ మీద దుమ్ము బాగా ఉంది. దాని మీద వేలితో పద్దెనిమిది కార్బన్లూ వేసి, ప్రతిదానికీ చేతులు గీసి, హైడ్రోజన్లు తగిలించాడు. మహేష్ చేతులు కట్టుకుని, అప్పట్లో రెండో బెంచీలో ఎట్లా వినేవాడో అట్లాగే విన్నాడు.

“అప్పుడు గూడ గింతే సార్. మీరు చెప్తుంటే అంత అర్థమైనట్టే ఉంటది,” అన్నాడు వినయంగా. “రిపోర్టుల ఏం రాయాలె? ప్రమాదమా, కాదా?”

“కాదు,” అన్నాడు దశరథం. అక్కడితో ఆగితే కథ అయిపోయేది. కాని శాస్త్రం అన్నాక హద్దులు చెప్పాలి. “అరవై తొమ్మిది డిగ్రీల దాక గట్టిగనే ఉంటది. అది దాటితె కరుగుతది.”

జనంలో ఒకరు ఇవాళ ఎండ ఎంతని అడిగారు. ఇంకొకరు ఫోను చూసి నలభై ఒకటి అన్నారు. ఇంకా ఇరవై ఎనిమిదే ఉందని శంకరయ్య లెక్కకట్టాడు. అందరూ డ్రమ్ముకు దూరం జరిగారు.

అంత మంచి వస్తువైతే తిని చూపించమన్నాడు నరేందర్, ఆ వెనక్కి జరిగిన చోటి నుంచే. దశరథం అతన్ని ఒకసారి చూశాడు. గడ్డం ఉన్న వైపు చూశాడు. ఆ తర్వాత డ్రమ్ములో చెయ్యి పెట్టి, గుప్పెడు తీసి, నోట్లో వేసుకుని నమిలాడు.

అరవై తొమ్మిది డిగ్రీల దాకా కరగదని చెప్పి రెండు నిమిషాలు కాలేదు. నోట్లో ముప్పై ఏడే ఉంటుందన్నది ఆయనకు నమలడం మొదలుపెట్టాక గుర్తొచ్చింది. సరుకు ముద్దయి, కట్టుడు పళ్ల పైవరుసనూ కింది వరుసనూ ఒకదానికొకటి అతికించేసింది. దశరథం గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది గాని అది ఏ భాషా కాదు. దుర్గవ్వ మెట్లు దిగి వచ్చింది. మహేష్ అంబులెన్సుకు ఫోను తీశాడు.

సరిగ్గా అప్పుడే షేరింగ్ ఆటో దిగి మసర్రత్, ఆఫియా వీధిలోకి వచ్చారు. ప్లాటులో జనం, పోలీసు జీపు, దవడ పట్టుకుని నిలబడ్డ ఇంటి ఓనరు, డ్రమ్ములో నీళ్ల మీద తేలుతున్న తన సరుకు మసర్రత్‌కు ఒక్కసారిగా కనపడ్డాయి. ఆరింటికి హోటలుకు చేరవలసిన నూట ఇరవై కొవ్వొత్తులు ఆ నీళ్లలో ఉన్నాయి. ఆమె బుర్ఖా చేతులు పైకి మడిచి నేరుగా డ్రమ్ము దగ్గరికి పోయి, రెండు చేతులూ ముంచి రేకులు పైకి తీసింది. ఎవరో వద్దక్కా అన్నారు. ఆమె వాటిని నలిపి చూసుకుంది. పైన తడే గాని లోపలికి చుక్క నీరు పోలేదు.

ఇదేమిటని మహేష్ అడిగాడు.

“మైనం సార్,” అంది మసర్రత్. “మోమ్‌బత్తీలకు పోసేది.”

“మైనమా,” అన్నాడు మహేష్.

“మైనమట,” అన్నాడు శంకరయ్య వెనకవాళ్లకు.

ఆ మాట వెనక్కి వెనక్కి పోయింది, కొవ్వొత్తుల సంగతితో సహా గ్రూపులోకీ, అక్కడి నుంచి బయటికీ పోయింది. మహేష్ ఫోను జేబులో పెట్టేసి, రిపోర్టులో ఒక్క వాక్యం రాసి, సారుకు నమస్కారం పెట్టి జీపెక్కాడు. మాత్రల్లో మైనం ఉంటే ఉండనీ అనుకుని జనం మాత్రలు వేసుకున్నారు. నరేందర్ మిగతా చెంప గీసుకోవడానికి ఇంటికి పోయాడు. శంకరయ్య దశరథం దగ్గరగా వచ్చి, ఆ ముక్కేదో పొద్దున్నే చెప్తే సరిపోయేది గద సార్ అన్నాడు. ఇది మైనం కాదని, మైనంలో కలిపేదని, ఆ రెంటి నిర్మాణమే వేరని చెప్పడానికి దశరథం చూపుడువేలు పైకెత్తాడు. దుర్గవ్వ ఆ వేలు పట్టుకుని కిందికి దించింది.

చెంచా కాడతో పళ్లు శుభ్రం చేసుకునేసరికి గంట పట్టింది. కిందికి వచ్చి చూస్తే మసర్రత్, ఆఫియా సరుకును పాత చీర గుడ్డలో వడగట్టి, దుప్పటి మీద ఆరబోసి, స్టవ్ వెలిగించారు. పొద్దుటి నుంచి ఎన్ని మాటలు పడ్డా సరుకు మాత్రం ఏమీ చెడలేదు. దశరథం అడగకుండానే దుప్పటి అంచులు పట్టాడు, అచ్చులు కడిగాడు, ఒత్తులు కత్తిరించి ఇచ్చాడు. మసర్రత్ నాలుగు తిట్టి ఉంటే ఆయనకు తేలికగా ఉండేది. చివరికి తనే, తాళం వేయడం మరిచిపోయానమ్మా అన్నాడు.

ఆమె అచ్చులోకి పోస్తున్న గిన్నె మీంచి చూపు తిప్పలేదు. “తాళం సంగతి కాదు సార్. మీకు తెలిసిందంత అందరికి తెల్వాల్నా?”

దశరథం ఇంకో అచ్చు అందుకుని కడగసాగాడు.

అయిదుకు పావుగంట ఉందనగా చివరి అచ్చు తప్ప మిగతావన్నీ చల్లారుతున్నాయి. కిటికీలో మసర్రత్ ఫోను మోగింది. ఆమె చేతులు మైనంలో ఉన్నాయి. జర ఎత్తున్రి సార్, స్పీకరు పెట్టున్రి అంది. అవతల హోటలు బాంక్వెట్ మేనేజరు హరిప్రసాద్. మనిషిది రాజమండ్రి దిక్కు, మాట మెత్తన.

“మాకొక మెసేజ్ వచ్చిందండీ. మీ కొవ్వొత్తుల్లో స్టియరిక్ యాసిడ్ వాడతారని. నిజమేనాండీ?”

మసర్రత్ చేతిలో గిన్నె ఆగిపోయింది. గడప దగ్గర దుర్గవ్వ నిలబడి ఉంది. దశరథం ఇద్దరినీ చూశాడు. పద్దెనిమిది కార్బన్లు నాలుక చివరిదాకా వచ్చి నిలబడ్డాయి. జీవితంలో మొదటిసారి ఆయన వాటిని వెనక్కి మింగాడు.

“లేదు సార్. మైనం. ఒట్టి మైనం.”

మసర్రత్ ఊపిరి వదిలింది. దుర్గవ్వ కళ్లతోనే మెచ్చుకుంది.

“అయితే ఏమీ అనుకోకండి, మాకొద్దండీ,” అన్నాడు హరిప్రసాద్. “పోయిన నెల ఒకాయన ఒట్టి మైనంవి ఇచ్చాడండీ. గెస్టులు రాకముందే ఎండకి లాన్‌లో అన్నీ నడుం వంచి నమస్కారం పెట్టేశాయి. స్టియరిక్ కలిపినవి నిలబడతాయని మా చెఫ్ గారన్నారు. మీ వాటిలో ఉందన్న మెసేజ్ చూసి ఎంతో సంతోషించానండీ. లేదంటున్నారు కదా. ఉంటానండీ.”

దశరథం మొహం తెల్లబడింది. మసర్రత్ గిన్నె దించి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ రెండు అంగల్లో ఫోను దగ్గరికి వచ్చింది. ఒక్క నిమిషం సార్, మా సారు మీకు చెప్తడు అని హరిప్రసాద్‌ను ఆపి, దశరథం వైపు తిరిగింది.

“చెప్పున్రి సార్. అంత చెప్పున్రి.”

దశరథం దుర్గవ్వ వైపు చూశాడు. ఆమె కుర్చీ తెచ్చి వేసింది.

ఆయన కూర్చుని, గొంతు సవరించుకుని, మొదటి నుంచీ మొదలుపెట్టాడు. కొవ్వొత్తి అన్న మాటలోనే కొవ్వుందండీ, మనవాళ్లు మైనపొత్తి అనలేదు, గమనించారా అన్నాడు. ఆ కొవ్వును విడగొడితే ఏమొస్తుందో చెప్పాడు. అచ్చులోంచి కొవ్వొత్తి విరగకుండా ఎందుకు జారుతుందో, ఎండకు ఎందుకు వంగదో, ఎందుకు తెల్లగా కనపడుతుందో చెప్పాడు. సబ్బుకు వచ్చాడు, సబ్బు నుంచి మాత్రలకు వచ్చాడు. విమానం వస్తే ఆగాడు, పోయాక టైర్లతో మళ్లీ అందుకున్నాడు. మసర్రత్, ఆఫియా ఈలోపు అచ్చులు విప్పి, మూడువందలూ కాగితాల్లో చుట్టి, అట్టపెట్టెల్లో సర్ది, ఫోను ఆయన దగ్గరే వదిలి ఆటో ఎక్కారు.

ఆర్డరు మూడో నిమిషంలోనే మళ్లీ ఖాయమైంది. వాళ్లు హోటలుకు చేరి పెట్టెలు దింపే సమయానికి హరిప్రసాద్ ఒక చేత్తో సంతకం పెట్టాడు, రెండో చేతిలో ఫోను ఇంకా చెవి దగ్గరే ఉంది.